రాని సినిమాకి ట్రివియా

ఎప్పుడూ తీయని సినిమాకి ట్రివియా రాసేవాళ్ళున్నారు. చరిత్ర ఒకచోట వేరే మలుపు తీసుకుందని అనుకుంటారు. ఫలానా స్టూడియో మూతపడలేదు, ఫలానా దర్శకుడు ఇంకో పదేళ్ళు బతికాడు, ఫలానా యుద్ధం రెండేళ్ళు ముందే ముగిసింది. ఆ ప్రపంచంలో ఒక యానిమేషన్ సినిమా వచ్చిందనీ, పిల్లలూ పెద్దలూ దాన్ని నలభై ఏళ్ళుగా చూస్తున్నారనీ అనుకుంటారు. అంతా అనుకున్నాక ఆ సినిమా కథ మాత్రం చెప్పరు. స్క్రిప్టు రాయరు. దాని గురించి ఓ ఇరవై ముక్కలు రాస్తారు. విలన్‌కి గొంతు ఇవ్వాల్సింది మొదట వేరే నటుడట. రెండో పాటని ఆఖరి నిమిషంలో తీసేశారట. సంత సీన్లో వెనక గోడ మీద ఒక యానిమేటర్ తన కుక్క బొమ్మ దాచిపెట్టాడట.

మొదటిసారి చదివితే ఇది ఒట్టి కాలక్షేపం అనిపిస్తుంది. చాలావరకు అంతే కూడా. కానీ ఇలాంటివి ఒక పాతిక వరసగా చదివితే, కొన్ని మాత్రమే మనసులో మిగిలిపోవడం, మిగతావి అప్పటికప్పుడే ఆవిరైపోవడం గమనిస్తాం. కల్పన అన్నిట్లోనూ ఉంది. తెలివి కూడా దాదాపు అన్నిట్లోనూ ఉంది. మరి తేడా ఎక్కడొస్తోంది? నాకు తోచిన జవాబు: ఖరీదు. ఆ సినిమా ఉండాలంటే ఆ ప్రపంచంలో ఏదో ఒకటి పోయి ఉండాలి. ఏం పోయిందో తెలిసిన రాత నిలుస్తుంది. తెలియనిది కోరికల జాబితా అవుతుంది.

ఇదెందుకు అంటున్నానో చెప్పాలంటే ముందు ఈ రాతకి పూర్వీకులెవరో చూడాలి. తర్వాత, నిజంగానే రాకుండా పోయిన ఒక సినిమా దగ్గరికి వెళ్ళాలి.

*

లేని పుస్తకం గురించి రాయడం సాహిత్యంలో పాత అలవాటే. బోర్హెస్ 1941లో తెచ్చిన కథల సంపుటి ముందుమాటలో దీనికి దాదాపు ఒక సిద్ధాంతమే చెప్పాడు. కొద్ది నిమిషాల్లో నోటితో చెప్పగలిగే ఆలోచన కోసం వందల పేజీలు రాయడం దండగ, ఆ పుస్తకం ముందే ఉన్నట్టు నటించి దాని మీద వ్యాఖ్య రాస్తే పోలా అని ఆయన వాదన. పోలిష్ రచయిత స్తానిస్వావ్ లెమ్ 1971లో దాన్ని ఇంకో మెట్టు ఎక్కించాడు. "ఎ పర్ఫెక్ట్ వాక్యూమ్" పుస్తకం నిండా లేని పుస్తకాల మీద సమీక్షలే. మొదటి సమీక్ష మళ్ళీ ఆ పుస్తకం మీదే!

అయితే సమీక్షకీ ట్రివియాకీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. సమీక్ష రాసేవాడు పాఠకుడికి పుస్తకం తెలియదనే అనుకుంటాడు. కాబట్టి కథ చెప్తాడు, వాదిస్తాడు, బాగుందో లేదో తేలుస్తాడు. ట్రివియా రాసేవాడు, చదివేవాడికి ఆ సినిమా వచ్చనే అనుకుంటాడు. చూడని సినిమా వెనక కబుర్లు ఎవరికి కావాలి? చిన్నప్పుడు చూసి, పెద్దయ్యాక మళ్ళీ చూసి, పాటలు నోటికొచ్చినవాళ్ళకే అవి కావాలి. అంటే ట్రివియా చదవడం మొదలుపెట్టగానే మనకి తెలియకుండానే మన చేతికి ఒక వేషం అందుతుంది, ఆ సినిమాని ప్రేమించినవాడి వేషం. లేని సినిమా మీద ఉన్నట్టుండి బెంగ పుడుతుంది. లెమ్ సమీక్ష చదివి ఆ పుస్తకం ఉంటే బాగుండుననిపిస్తుంది. మంచి ట్రివియా చదివితే ఆ సినిమా ఒకప్పుడు ఉండేదనీ మన దగ్గర్నుంచి ఎవరో తీసేసుకున్నారనీ అనిపిస్తుంది. ఈ రాత అసలు బలం అదే, ప్రమాదం కూడా అదే.

ప్రత్యామ్నాయ చరిత్ర వైపు నుంచి వచ్చే పూర్వీకుడు ఫిలిప్ కె. డిక్. 1962 నాటి "ద మ్యాన్ ఇన్ ద హై కాసిల్" నవలలో రెండో ప్రపంచ యుద్ధం జర్మనీ, జపాన్ గెలిచాయి. ఆ ప్రపంచంలో జనం రహస్యంగా ఒక నవల చదువుకుంటూ ఉంటారు. అందులో మిత్రరాజ్యాలు గెలుస్తాయి. తర్వాత టీవీ సిరీస్‌గా తీసినప్పుడు ఆ నవల కాస్తా ఫిల్మ్ రీళ్ళయింది. డిక్ చేసిన తెలివైన పని ఏంటంటే, ఆ నవలలోపలి నవలలో ఉన్నది కూడా మన ప్రపంచం కాదు. అక్కడ మిత్రరాజ్యాలు గెలిచిన తీరు వేరు, గెలిచాక బ్రిటన్ తయారైన తీరు వేరు. ఓడినవాళ్ళు కన్న కలకీ దాని చీకట్లు దానికున్నాయి. ఒక తప్పు సరిచేస్తే చరిత్ర మొత్తం మంచిదైపోతుందన్న భ్రమ డిక్‌కి లేదు. లేని సినిమాల ట్రివియా రాసేవాళ్ళలో ఎక్కువమందికి అది ఉంటుంది.

*

ఇంకో మాట. ఉన్న సినిమాల ట్రివియా మాత్రం ఏంటి? అది కూడా సగం ప్రత్యామ్నాయ చరిత్రే. మనవాళ్ళకి ఈ ఇష్టం మరీ ఎక్కువ. "మాయాబజార్" (1957) గురించి ఏ ఇద్దరు మాట్లాడుకున్నా ఎన్టీఆర్ మొదట కృష్ణుడి వేషానికి వెనకాడారన్న సంగతి వచ్చి తీరుతుంది. లాహిరి పాటలో వెన్నెల సంగతి, మార్కస్ బార్ట్‌లీ కెమెరా సంగతి ఎలాగూ వస్తాయి. ఆ మొదటి సంగతి మనకెందుకంత ఇష్టం? ఆయన ఆ రోజు గట్టిగా వద్దనేసి ఉంటే మన క్యాలెండర్లలో, పూజగదుల్లో, గుళ్ళ గోడల మీద కృష్ణుడి ముఖం ఇంకెలా ఉండేదో అన్న చిన్న వణుకు అందులో ఉంది కాబట్టి. "ఈ పాత్రకి మొదట అనుకున్నది ఫలానా హీరోని" అనే ప్రతి వాక్యం వెనకా ఒక రాని సినిమా ఉంటుంది. ట్రివియా అనేది మనం తిరగని మలుపుల పట్టిక.

అందుకే లేని సినిమాకి ట్రివియా రాసేవాళ్ళు కొత్తగా ఏదో కనిపెట్టారని అనలేం. అద్దాన్ని అటు తిప్పారంతే. మనం వచ్చిన సినిమా దగ్గర నిలబడి రానివాటిని ఊహిస్తాం. వాళ్ళు రాని సినిమా దగ్గర నిలబడి మనల్ని ఊహిస్తారు. వాళ్ళ ట్రివియాలో తప్పిపోయిన అవకాశంగా కనపడేది మన నిజం.

*

ఇప్పుడు నిజంగా రాని సినిమా. సగం వచ్చింది అనాలేమో. రిచర్డ్ విలియమ్స్ తీసిన "ద థీఫ్ అండ్ ద కాబ్లర్".

విలియమ్స్ 1933లో కెనడాలో పుట్టి, లండన్‌లో స్టూడియో పెట్టిన యానిమేటర్. 1960ల్లో ఇద్రీస్ షా రాసిన ముల్లా నసీరుద్దీన్ కథల పుస్తకాలకి బొమ్మలు వేశాడు. గాడిద మీద వెనక్కి తిరిగి కూర్చునే ఆ ముల్లా మనకీ చిన్నప్పటి కథల పుస్తకాల్లోంచి బాగా తెలిసినవాడే. ఆ కథలతో సినిమా తీద్దామని 1964 ప్రాంతంలో మొదలుపెట్టాడు. 1970ల మొదట్లో షా కుటుంబంతో చెడింది. నసీరుద్దీన్ వెళ్ళిపోయాడు. కథలో పక్క పాత్రగా తాను సృష్టించుకున్న దొంగని మాత్రం విలియమ్స్ ఉంచుకున్నాడు. వాడి పక్కన టాక్ అనే చెప్పులు కుట్టేవాడిని పెట్టాడు. పైన మూడు బంగారు గోళాలున్న నగరం, నిద్రమొహం రాజు, ప్రాసలో తప్ప మాట్లాడని జిగ్‌జాగ్ అనే వజీరు, యుద్ధానికొచ్చే ఒంటికన్ను సైన్యం. కథ ఇంతే. పర్షియన్ సూక్ష్మచిత్రాలని కదిలిస్తే ఎలా ఉంటుందో చూడాలన్నది అసలు కోరిక.

చూశాడు కూడా. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు. చేత్తో గీసే యానిమేషన్‌లో మామూలుగా ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు నిలబెడతారు, అంటే సెకనుకి 12 బొమ్మలు చాలు. విలియమ్స్ చాలాచోట్ల 24 బొమ్మలూ గీయించాడు. గళ్ళ నేల మీద టాక్, దొంగ ఒకరినొకరు తరుముకునే సీన్ ఉంటుంది. నేల గోడవుతుంది, గోడ మెట్లవుతుంది, మెట్లు మళ్ళీ నేలవుతాయి. కంప్యూటర్ లేదు, ప్రతి గీతా చెయ్యే. చివర్లో ఒక మహా యుద్ధయంత్రం కూలిపోతూ ఉంటుంది. దాని చక్రాల మధ్య, బాణాల మధ్య దొంగ బంగారు గోళాల కోసం నింపాదిగా నడిచిపోతూ ఉంటాడు. ఒళ్ళు గగుర్పొడుస్తుంది, నవ్వూ వస్తుంది. టాక్ నోట్లో ఎప్పుడూ రెండు చిన్న మేకులు. అవి అటూ ఇటూ వంగడమే అతని నవ్వూ దిగులూ. మాట్లాడడు. దొంగ కూడా మాట్లాడడు.

డబ్బెక్కడిది? ప్రకటనలు, వేరేవాళ్ళ సినిమాల టైటిల్స్. 1970ల్లో వచ్చిన రెండు పింక్ పాంథర్ సినిమాల టైటిల్ బొమ్మలు ఆయనవే. అక్కడ సంపాదించింది ఇక్కడ పోశాడు. "ఎ క్రిస్మస్ కారల్" లఘుచిత్రానికి ఆస్కార్ వచ్చింది. ఒక సౌదీ యువరాజు కొంత డబ్బు పెట్టి, చెప్పిన గడువుకి సీన్ అందకపోయేసరికి తప్పుకున్నాడు. 1988లో వచ్చిన "హూ ఫ్రేమ్డ్ రోజర్ రాబిట్"కి యానిమేషన్ దర్శకుడిగా విలియమ్స్‌కి రెండు ఆస్కార్లు వచ్చాయి. చివరికి ఆ సినిమా తర్వాత వార్నర్ బ్రదర్స్ ముందుకొచ్చింది. గడువు పెట్టారు. గడువు దాటింది. ఇలాంటి సినిమాలకి పూర్తవుతుందని పూచీ ఇచ్చే బీమా కంపెనీ ఉంటుంది. 1992 మేలో, ఇంకా పదిహేను నిమిషాల బొమ్మలు మిగిలి ఉండగా, ఆ పూచీదారు కంపెనీ సినిమాని ఆయన చేతుల్లోంచి తీసేసుకుంది. వేరే నిర్మాత పాటలు చేర్చి, సీన్లు కోసి, చవగ్గా పూర్తి చేశాడు. 1993లో ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల్లో ఒక పేరుతో, 1995లో అమెరికాలో "అరేబియన్ నైట్" అనే ఇంకో పేరుతో వచ్చింది. అమెరికా రూపంలో మాట్లాడని ఇద్దరికీ ఆగకుండా మాటలు అతికించారు. మధ్యలో, 1992 నవంబరులో, డిస్నీ వాళ్ళ "అలాద్దీన్" వచ్చి వెళ్ళింది. అందులోనూ దొంగ, యువరాణి, దుష్టుడైన వజీరు. అందులో జీనీని గీసిన బృందానికి పెద్ద ఎరిక్ గోల్డ్‌బర్గ్ ఒకప్పుడు విలియమ్స్ దగ్గర పనిచేసినవాడే.

దాదాపు ముప్ఫై ఏళ్ళ పని. ప్రత్యామ్నాయ చరిత్ర రాసేవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి?

*

సరే, మనమే రాద్దాం. ఆ గడువు దాటలేదనుకుందాం. విలియమ్స్ తన సినిమాని తన చేత్తోనే ముగించి 1991 చివర్లో విడుదల చేశాడనుకుందాం. ఈ కింది ఐదూ ఆ ప్రపంచపు ట్రివియా. నేను కల్పించినవే. ఒక్కదానిలో మాత్రం నిజం ఉంది.

ఒకటి. సినిమా మొత్తం మీద టాక్ మాట్లాడేది చివర్లో ఒక్కసారే.

రెండు. ఆ ఏడాది ఆస్కార్ ఉత్తమ చిత్రం విభాగంలో నామినేషన్ పొంది, ఆ గౌరవం దక్కిన మొదటి యానిమేషన్ సినిమా అయింది.

మూడు. దీన్ని చూశాక డిస్నీ వాళ్ళు "అలాద్దీన్"లో వజీరు బొమ్మని మొదటినుంచీ మళ్ళీ గీయించారు. అతను పొట్టిగా, గుండ్రంగా ఉండడానికి కారణం అదే.

నాలుగు. జిగ్‌జాగ్‌కి గొంతు ఇచ్చిన విన్సెంట్ ప్రైస్ విడుదల రోజు సినిమా చూశాడు. తెర మీద వినపడింది ఇరవై ఏళ్ళ కిందటి తన గొంతు.

ఐదు. సినిమా ఆడాక విలియమ్స్ వెంటనే ఇంకో పెద్ద సినిమా మొదలుపెట్టాడు. పాఠాలు చెప్పడానికి ఖాళీ దొరకలేదు. ఆయన దగ్గర పనిచేసినవాళ్ళు రాసుకున్న నోట్సు ఫొటోకాపీలు మాత్రం యానిమేషన్ విద్యార్థుల మధ్య చేతులు మారుతూ ఉంటాయి. సగం పేజీలు చదవడానికి రావు.

మొదటిది నిజం. విలియమ్స్ ఊహించిన సినిమాలో అంతే. లేని సినిమా ట్రివియా మధ్య ఒక నిజాన్ని కలపడం ఈ రాతలో పాత కిటుకు. అబద్ధాలన్నీ దాని పక్కన నిలబడి కాస్త నిజంగా కనిపిస్తాయి.

రెండోది పూర్తిగా కోరిక. మన ప్రపంచంలో ఆ గౌరవం అదే ఏడాది "బ్యూటీ అండ్ ద బీస్ట్"కి దక్కింది. దాన్ని తీసి దీనికి తగిలించడం తప్ప ఇందులో పనేమీ జరగలేదు. లేని సినిమాల ట్రివియాలో ముప్పావు వంతు ఇలాంటివే: అవార్డులు, వసూళ్ళు, రికార్డులు. అభిమాన హీరో కటౌట్‌కి పాలాభిషేకం చేసినట్టుంటుంది. ముచ్చటే కానీ సినిమా గురించి ఏమీ చెప్పదు.

మూడోది కొంచెం నయం. ఒక సినిమా వస్తే పక్క సినిమా మారుతుందన్న ఎరుక అందులో ఉంది. కానీ అది కూడా పగ తీర్చుకోవడమే, ఒకరి గెలుపుకి ఇంకొకరు తలవంచుకోవడం.

నాలుగోది నాకు ఇష్టం. కారణం, దాని కింద నిజమైన కాలం ఉంది. ప్రైస్ ఆ గొంతు ఇవ్వడం మొదలైంది 1960ల చివర్లో. ఆయన చనిపోయింది 1993 అక్టోబరులో. ఒక సినిమా ఎంతకాలం పట్టిందో అంకెల్లో చెప్తే తలూపి ఊరుకుంటాం. ఒక ముసలాయన తన నడివయసు గొంతు వినడం అంటే ఆ కాలం బరువు తెలుస్తుంది. నిజానికి ఈ సినిమాలో ఇలాంటివాళ్ళు చాలామంది. రోడ్ రన్నర్ కార్టూన్లు గీసిన కెన్ హారిస్ తన చివరి ఏళ్ళలో ఈ దొంగని గీశాడు. 1982లో పోయాడు. బెట్టీ బూప్‌కి రూపం ఇచ్చిన గ్రిమ్ నాట్విక్ ఇందులో పనిచేసి, నూరేళ్ళు నిండాక 1990లో పోయాడు. ఆర్ట్ బాబిట్ 1992లో. అమెరికన్ యానిమేషన్ మొదటి తరం చేతి పని ఈ ఒక్క సినిమా కోసం లండన్‌లో పోగుపడింది. చేసిన పని వాళ్ళెవరూ పూర్తిగా తెర మీద చూసుకోలేదు.

ఐదోది చదవగానే కొంచెం ఉసూరుమంటుంది. అలా అనిపించాలనే రాశాను. సినిమా పోయాక విలియమ్స్ ఏం చేశాడు? ఊళ్ళు తిరిగి యానిమేషన్ మాస్టర్‌క్లాసులు చెప్పాడు. ఆ పాఠాలే 2001లో "ది యానిమేటర్స్ సర్వైవల్ కిట్" పుస్తకంగా వచ్చాయి. ఇవాళ హైదరాబాదులో యానిమేషన్ నేర్చుకునే పిల్లల్ని అడిగినా ఆ పుస్తకం పేరు చెప్తారు. మనిషి నడకలో బరువు ఎప్పుడు ఏ కాలి మీద పడుతుందో ప్రపంచంలో లక్షలమంది నేర్చుకున్నది అందులోంచే. హారిస్, నాట్విక్, బాబిట్‌ల దగ్గర తాను నేర్చుకున్నదంతా ఆయన అందులో దాచాడు. సినిమా గెలిచి ఉంటే ఆ పుస్తకం వచ్చేదా? నాకు నమ్మకం లేదు. గెలిచినవాడికి ఇంకో సినిమా ఉంటుంది. ఓడినవాడి దగ్గర టైమ్ ఉంటుంది, చెప్పాల్సినవి ఉంటాయి.

ఖరీదు అని నేను మొదట్లో అన్నది దీన్నే. ఐదో ముక్క ఆ ప్రపంచానికి ఒక కళాఖండాన్ని ఇచ్చి ఒక పాఠ్యపుస్తకాన్ని తీసేసుకుంది. ఏది ఎక్కువ అని అడిగితే వెంటనే చెప్పలేం. ఆ తటపటాయింపే ఆ ముక్కని విమర్శగా మారుస్తుంది. సినిమా గెలిస్తే ఎంత బాగుండేది అని నిట్టూర్చేవాడిని, నీ చేతిలో ఉన్నది వదులుకుంటావా మరి అని అడుగుతుంది.

*

ఇంకో ఖరీదు కూడా ఉంది. దాన్ని ఈ ఐదు ముక్కల్లో నేనూ రాయలేదు. ఎందుకంటే ట్రివియా అనే రూపానికే అది సరిపడదు.

ఈ సినిమా అభిమానులు చెప్పే కథలో ఒక మేధావి, ఒక దుర్మార్గపు కంపెనీ ఉంటారు. కంపెనీ ఒక్క ఏడాది ఆగి ఉంటే చాలు అంటారు. ఆ ఏడాదిని ఎవరు ఇవ్వాలి? కంపెనీ డబ్బు ఇచ్చేది. కానీ గంటలు ఇవ్వాల్సింది యానిమేటర్లు. కెవిన్ ష్రెక్ 2012లో తీసిన "పర్సిస్టెన్స్ ఆఫ్ విజన్" డాక్యుమెంటరీలో అప్పట్లో పనిచేసినవాళ్ళు మాట్లాడతారు. విలియమ్స్ మీద వాళ్ళకున్న ప్రేమ కనిపిస్తుంది, పనిగంటలు ఎంత విపరీతంగా ఉండేవో కూడా తెలుస్తుంది. సెకనుకి 24 బొమ్మలు అని మనం అబ్బురంగా చెప్పుకునే అంకె ఎవరి మెడనొప్పో, ఎవరి ఆదివారాలో.

ఆర్ట్ బాబిట్ కథ ఇక్కడ గుర్తుచేసుకోవాలి. "స్నో వైట్"లో దుష్ట రాణినీ, "ఫాంటేజియా"లో నాట్యం చేసే పుట్టగొడుగుల్నీ గీసినవాడు. డిస్నీ స్టూడియోలో బాగా జీతం తీసుకునేవాళ్ళలో ఒకడై ఉండి, కిందివాళ్ళ జీతాల కోసం యూనియన్ పక్షం నిలిచాడు. 1941 మేలో ఆయన్ని తీసేశారు. ఆ వెంటనే సమ్మె మొదలైంది. ముప్ఫై ఏళ్ళ తర్వాత లండన్ వెళ్ళి విలియమ్స్ స్టూడియోలో పాఠాలు చెప్పింది ఈ మనిషే. "పుట్టగొడుగుల నాట్యం గీసిందెవరు" అన్నది మంచి క్విజ్ ప్రశ్న. "అతన్ని ఎందుకు తీసేశారు" అన్నది క్విజ్‌లో రాదు.

ఇది పాతకాలపు సంగతీ కాదు. 2013 ఫిబ్రవరిలో "లైఫ్ ఆఫ్ పై" విజువల్ ఎఫెక్ట్స్‌కి ఆస్కార్ వచ్చింది. ఆ పులిని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థ దానికి రెండు వారాల ముందే దివాలా పిటిషన్ వేసింది. వేదిక మీద ఆ మాట ఎత్తబోతుంటే మ్యూజిక్ పెట్టి ప్రసంగం ఆపేశారు. బయట రోడ్డు మీద ఎఫెక్ట్స్ కళాకారులు నిరసన చేస్తున్నారు. ఆ సంస్థకి హైదరాబాదులోనూ స్టూడియో ఉండేది. ఆ సినిమా ట్రివియాలో పులి పేరు రిచర్డ్ పార్కర్ అని ఎందుకొచ్చిందో ఉంటుంది. ఈ నగరంలో కూర్చుని ఫ్రేములు సరిచేసిన కుర్రాళ్ళ సంగతి ఉండదు.

ఉన్న సినిమాకైతే ఈ మరుపుని కొంతవరకు సరిచేయొచ్చు. ఎవరో ఒకరు డాక్యుమెంటరీ తీస్తారు, ఎవరో ఆత్మకథ రాస్తారు. లేని సినిమాకి ఆ అవకాశం లేదు. అది ఎవరూ ఓవర్‌టైమ్ చేయకుండానే తయారైంది. అందుకే అది అంత నున్నగా, అంత పరిపూర్ణంగా ఉంటుంది. అందుకే చాలాసార్లు అంత చప్పగానూ ఉంటుంది. నిజమైన సినిమాలో గోడ మీద దాచిన కుక్క బొమ్మ మనకి ఎందుకు నచ్చుతుంది? రాత్రి పదింటికి, పేరు కూడా వేయని సినిమా కోసం, ఒక మనిషి విసుగులో చేసిన చిలిపి పని కాబట్టి. కల్పిత ట్రివియాలో ఆ కుక్కని పెట్టడం తేలికే. ఆ విసుగుని పెట్టాలి.

*

"ద థీఫ్ అండ్ ద కాబ్లర్"కి ఇంకో జన్మ కూడా ఉంది. గారెట్ గిల్‌క్రిస్ట్ అనే అభిమాని 2006లో దొరికిన వర్క్‌ప్రింట్, విడుదలైన ప్రింట్లు, స్టోరీబోర్డు బొమ్మలు కలిపి విలియమ్స్ అనుకున్నదానికి దగ్గరగా ఒక రూపం కూర్చాడు. దాన్ని చూస్తుంటే మెరిసే రంగుల సీన్ మధ్యలో హఠాత్తుగా రంగు లేని పెన్సిల్ గీతలొస్తాయి. తర్వాత కదలని బొమ్మ ఒకటి. మళ్ళీ రంగులు. 2013లో అకాడమీ వాళ్ళు విలియమ్స్ సొంత వర్క్‌ప్రింట్‌ని "ఎ మోమెంట్ ఇన్ టైమ్" అన్న పేరుతో ప్రదర్శించారు. పని ఆగిపోయిన నాటి స్థితిలోనే, అతుకులు కనపడుతూనే. ఆయన దాన్ని పూర్తి చేయడానికి మళ్ళీ ప్రయత్నించలేదు. "ప్రోలోగ్" అనే చిన్న చిత్రం ఒక్కడే గీసుకుని, 82 ఏళ్ళ వయసులో దానికి ఆస్కార్ నామినేషన్ పొంది, 2019లో వెళ్ళిపోయాడు.

లేని సినిమాల ట్రివియా రాసేవాళ్ళు ఆ పెన్సిల్ గీతలు చూడాలని నా కోరిక. రంగు వేసిన సీన్లో సినిమా కనపడుతుంది. పెన్సిల్ సీన్లో చెయ్యి కనపడుతుంది.

మన దగ్గర ఎవరైనా ఇది రాయాలనుకుంటే సరుకు సిద్ధంగా ఉంది. జపాన్‌కి చెందిన యుగో సాకో, మన రామ్మోహన్, కోయిచి సాసాకి కలిసి తీసిన "రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ". బయటివాళ్ళు రాముడి మీద కార్టూన్ తీయడమేంటని అభ్యంతరాలు వచ్చాయి. మన ప్రభుత్వం చేయి కలపలేదు. బొమ్మల పని జపాన్‌లో జరిగింది. 1990ల్లో ఇక్కడ థియేటర్లలో సరిగ్గా ఆడనే లేదు. టీవీలో చూసిన పిల్లలు దాన్ని తలుచుకుంటూ పెరిగారు. 2025 జనవరిలో తెలుగుతో సహా నాలుగు భాషల్లో పెద్ద తెర మీదికి వచ్చేసరికి ఆ పిల్లలకి పిల్లలున్నారు. ముప్ఫై ఏళ్ళ పాటు అది ఉన్న సినిమానా లేని సినిమానా అన్నది చెప్పడం కష్టం.

అది 1993లోనే ఊరూరా ఆడిన ప్రపంచానికి ట్రివియా రాయండి. వంద రోజులు ఆడిందనీ, దాంతో మన యానిమేషన్ దశ తిరిగిపోయిందనీ రాయడం తేలిక. అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆ ప్రపంచంలో అభ్యంతరం చెప్పినవాళ్ళు ఊరుకోవడానికి దర్శకులు ఏ సీన్ మార్చుకోవాల్సి వచ్చింది? బొమ్మలు జపాన్‌లో కాక బొంబాయిలో గీసి ఉంటే ఎవరు గీశారు, నెలకి ఎంతిచ్చారు? ఆదివారం మధ్యాహ్నం టీవీ ముందు దాన్ని సొంతంగా కనుక్కున్న ఆ పిల్లలకి ఆ ప్రపంచంలో ఏం దొరకలేదు? వీటిలో ఒక్కదానికి జవాబు రెండు వాక్యాల్లో ఇమిడ్చినా, అవార్డుల జాబితా రాయాల్సిన పని ఉండదు.